షుగర్ పేషెంట్ల పాదాలు కూడా చూడమనండి: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. సర్కారు దవాఖానకి వచ్చిన ప్రతి షుగర్ పేషెంటు చేత చెప్పులు విప్పించి పాదాలు చూసే పద్ధతి పెట్టండి సార్. వినడానికి చిన్న సంగతే, కానీ ఇది జరగకనే జనం కాళ్లు పోగొట్టుకుంటున్నారు.

ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి 30 ఏళ్లు దాటినవాళ్లకి బీపీ, షుగర్ చూస్తున్నారు, బీపీ, షుగర్ లాంటి దీర్ఘకాలిక జబ్బులు చూసే ఎన్‌సీడీ క్లినిక్‌లో మందులు ఇస్తున్నారు. మంచి పనే, కాదనను. కానీ మా దగ్గర వేలు గుచ్చి రీడింగ్ రాసుకుని, మాత్రలు చేతిలో పెట్టి పంపించేస్తారు, అంతే. షుగర్ ముదిరితే నరాలు దెబ్బతిని అరికాళ్లలో స్పర్శ పోతుంది, రక్తం సరిగ్గా అందదు, ఇక ముల్లు దిగినా, చెప్పు కరిచినా, మే నెల ఎండలో గుడి బండల మీద నడిచి బొబ్బలెక్కినా ఆ మనిషికి తెలియదు.

మా పెద్దబాపుకి జరిగింది అదే. పత్తి చేనులో ముల్లు దిగింది, నొప్పి లేదు, పట్టించుకోలేదు. మంచం దగ్గర ఏదో వాసనొస్తోందని పెద్దమ్మ కాలు ఎత్తి చూస్తే బొటనవేలి కింద రూపాయి బిళ్లంత పుండు, చుట్టూ నల్లబడిన తోలు. ఆర్‌ఎంపీ కట్టు కట్టి సూదులేశాడు. పెద్దాసుపత్రికి తీసుకుపోయేసరికి ముందు వేలు తీశారు, తర్వాత మోకాలి కింది దాకా తీశారు. ఏళ్ల తరబడి నెలనెలా మందులకి క్లినిక్‌కి పోయిన మనిషి సార్ ఆయన, ఒక్కరు కూడా ఆయన పాదం ముట్టి చూడలేదు. తలచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది.

చూడాల్సింది పెద్దగా ఏమీ లేదు. 10 గ్రాముల మోనోఫిలమెంట్ అని ఒక నైలాన్ పోగు ఉంటుంది, పేషెంటుని కళ్లు మూసుకోమని అరికాలిలో కొన్ని చోట్ల అది వంగేదాకా ఆనించి, తెలుస్తోందా అని అడగడమే. పాదం మీద నాడి కొట్టుకుంటోందో లేదో, వేళ్ల సందులు, ఆనెకాయలు, మడమ పగుళ్లు ఎలా ఉన్నాయో చూడాలి. నర్సులకి, ఏఎన్‌ఎంలకి నేర్పితే వాళ్లే చేసేస్తారు. అందరికీ ఏడాదికోసారి, స్పర్శ పోయినవాళ్లకి ఇంకా తరచుగా చూడాలి. ఆనెకాయలు బ్లేడుతో కోసుకోవద్దని, తిమ్మిర్లకి వేడినీళ్లలో కాళ్లు పెట్టొద్దని అప్పుడే చెప్పొచ్చు.

ఇక చెప్పులు. కుష్ఠు కార్యక్రమం కింద స్పర్శ పోయిన పాదాలకి ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరుతో చేసిన చెప్పులు ఉచితంగా ఇస్తున్నారు. షుగర్ వల్ల స్పర్శ పోయినవాళ్లకీ కావాల్సింది అలాంటివే. కాకపోతే అవి కుష్ఠు చెప్పులని జనం వెనకాడతారు, అందుకని చూడ్డానికి మామూలు చెప్పుల్లా కుట్టించాలి. ఇదేం మనకి చేతకాని పని కాదు. పోలియో పిల్లలు నడవడానికి కాళ్లకి కట్టుకుని మోసే మూడు కిలోల ఊత పట్టీలని, అంటే క్యాలిపర్లని, క్షిపణుల కోసం చేసిన పదార్థంతో 300 గ్రాములకి తెచ్చింది ఈ హైదరాబాద్‌లోనే కదా, కలాం గారి బృందం, నిమ్స్ డాక్టర్లు కలిసి.

ఆరోగ్యశ్రీ 10 లక్షలకి పెంచారు, సంతోషం. కానీ కాలు తీసేశాక ఇచ్చే 4,016 రూపాయల పింఛన్‌తో మా పెద్దబాపు మళ్లీ చేనుకి పోలేడు. ఆపరేషన్ తర్వాత ఆయనకి నడక నేర్పినవాళ్లు లేరు, కృత్రిమ కాలు ఎక్కడ దొరుకుతుందో చెప్పినవాళ్లు లేరు. డిశ్చార్జ్ కాగితం ఇచ్చే రోజే ఫిజియోథెరపీ తేదీ, కాలు కొలతలకి ఎక్కడికి రావాలో రాసివ్వమని ఆదేశాలివ్వండి.

రాష్ట్రమంతా ఒకేసారి కుదరకపోతే ఒక్క జిల్లాలో మొదలుపెట్టండి సార్. క్లినిక్ రిజిస్టర్‌లో బీపీ, షుగర్ గడుల పక్కన పాదానికి కూడా ఒక గడి గీయించండి, అది నింపకుండా మందుల చీటీ రాయొద్దని చెప్పండి.

ఇట్లు,
నల్లగొండ జిల్లా నుంచి ఒక పత్తి రైతు కుటుంబం