చంటిబిడ్డ పరుపులో దిండ్లెందుకు?

సంపాదకులకు,

బారసాలకు ఏం పట్టుకెళ్లాలో తోచనివాళ్లంతా ఈమధ్య బేబీ బెడ్ సెట్టే కొంటున్నారు. జిప్పు సంచిలో మెత్తటి పరుపు, గొడుగులా తెరుచుకునే దోమతెర, తలకింద ఒక దిండు, అటొకటి ఇటొకటి గుండ్రటి బోల్‌స్టర్లు, పైన కప్పడానికి బొంత. నెల్లూరు చిన్నబజారు నుంచి మా కావలి ట్రంకు రోడ్డు దాకా పిల్లల బట్టల కొట్ల ముందు ఇవే వేలాడుతుంటాయి. నేను పిల్లల బట్టలు కుట్టి బతికేదాన్ని. నన్నడిగితే ఈ సెట్టులో బిడ్డకు పనికొచ్చేది దోమతెర, గట్టిగా ఉంటే పరుపు. మిగతావన్నీ నలుగురికీ చూపించుకోవడానికే. డబ్బు దండగ అని ఊరుకుందామంటే, వాటివల్ల ప్రాణానికే ముప్పు ఉంది.

మొదటి నెలల్లో బిడ్డకు మెడ నిలవదు. మెత్తటిదానిలోకి మొహం ఒరిగితే తిప్పుకోలేడు, చేత్తో నెట్టేసుకోవడం తెలియదు. ముక్కు పూర్తిగా మూసుకోకపోయినా, దిండుకీ మొహానికీ మధ్య తాను వదిలిన గాలినే మళ్లీ పీలుస్తుంటాడు. చాలాసార్లు ఏడుపు కూడా వినపడదు. ఇవి కుట్టుమిషను ముందు కూర్చుని అల్లిన మాటలు కావు. బిడ్డల్ని బోర్లా పడుకోబెట్టొద్దని అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం 1992లో చెప్పింది. వెల్లకిలా పడుకోబెట్టమని 1994 నుంచి అక్కడ ఊరూరా ప్రచారం చేశారు. పదేళ్లు తిరిగేసరికి నిద్రలో హఠాత్తుగా పోయే పసిపిల్లల మరణాల రేటు సగానికి తగ్గింది. తొట్టిమంచం లోపల చుట్టూ కట్టే దూది మెత్తల అమ్మకాన్ని అక్కడ 2022లో ఏకంగా చట్టం చేసి ఆపేశారు. మన బోల్‌స్టర్లు చేసే పనీ అదే, తెచ్చే ముప్పూ అదే.

ఇదంతా చెబితే కొనేవాళ్లు నన్ను వింతగా చూస్తారు. "ఏందక్కా, దిండ్లు లేని పరుపు తీసకపోతే చుట్టాలు నవ్వరా?" అంటారు. ఆవాల దిండు కుట్టిపెట్టమని వచ్చేవాళ్లు వేరే. తల గుండ్రంగా రావాలని పెద్దవాళ్ల పట్టు. వెల్లకిలా పడుకోబెడితే తల వెనక కొంచెం చదునవడం మామూలే. నిద్రలో తల ఒకరోజు కుడికి, ఒకరోజు ఎడమకు ఉండేలా చూసుకుని, మెలకువగా ఉన్నప్పుడు మన కళ్లముందే కాసేపు బోర్లా పడుకోబెడితే చాలామందికి అదే సర్దుకుంటుంది. ఏడాది నిండేదాకా ఏ దిండూ అక్కర్లేదు. పరుపు కొనేటప్పుడు అరచేత్తో గట్టిగా నొక్కి వదలండి. వెంటనే పైకి లేస్తే సరే, చెయ్యి అచ్చు గుంటలా మిగిలితే ఆ ఫోమ్ బిడ్డకు పనికిరాదు. బూరుగుదూది కూడా అంతే, మనకు హాయి, పసివాడికి ముప్పు.

బట్టల సంగతి నా వృత్తి కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను. చేతులకు తొడిగే సంచుల్లాంటి గ్లౌజులు, కాళ్ల మేజోళ్లు కొన్నప్పుడు ఒక్కసారి తిరగేసి చూడండి. బజారు సరుకులో లోపలి కుట్టు దగ్గర ఓవర్‌లాక్ దారాలు, అంటే గుడ్డ అంచు విడిపోకుండా వేసే దారాలు, పీచుల్లా వేలాడుతుంటాయి. ఆ దారం గానీ, తల్లి తలవెంట్రుక గానీ వేలికి చుట్టుకుంటే రక్తం ఆడక వేలు వాచిపోతుంది. బిడ్డ ఎందుకు ఏడుస్తున్నాడో తెలియక ఇల్లంతా తిరుగుతారు, గ్లౌజు మాత్రం తీసి చూడరు. గోళ్లు కత్తిరిస్తే గ్లౌజు అవసరమే ఉండదు. మెడ దగ్గర రిబ్బన్లు, ఊడిపోయే పూసలు, చంకల్లో ఒరుసుకునే లేసు, ఇవేవీ రాత్రి బట్టల్లో ఉండకూడదు. తెల్ల మల్లు గుడ్డతో ముందువైపు ముడేసే జుబ్బా మన అమ్మమ్మల కాలం నుంచీ ఉంది, దాన్ని మించింది నేను ఇంతవరకు కుట్టలేదు. ఆ ముడి కూడా పొట్టిగా, ఛాతీ దగ్గర ఉండాలి, మెడ దగ్గర కాదు. ఇంకో మాట. తలంటి సాంబ్రాణి పొగ వేసేటప్పుడు నిప్పుల దగ్గర నైలాన్ ఫ్రాకులు, కుచ్చుల గౌన్లు అసలొద్దు. అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుపోతాయి.

మన ఎండల్లో పిల్లలకు స్వెట్టరు, టోపీ, మేజోళ్లు తొడగడం నాకు ఎప్పటికీ అర్థం కాదు. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టినవాళ్లకు డాక్టరు చెబితే టోపీ పెట్టాల్సిందే. మిగతావాళ్లకు ఇంట్లో నిద్రపోయేటప్పుడు టోపీ వద్దు. బిడ్డ ఒంట్లో ఎక్కువైన వేడి తలగుండా కూడా బయటికి పోవాలి. పసివాళ్లకు చేతులు, కాళ్లు చల్లగా ఉండటం మామూలే. మెడ వెనకో ఛాతీ మీదో చెయ్యిపెట్టి చూడండి. చెమట తగిలితే ఒక బట్ట తీసేయండి. రోహిణి కార్తెలో కరెంటు పోయినప్పుడు పల్చటి జుబ్బా ఒక్కటి చాలు. వెలుతురు పడుతోందని దోమతెర మీద తువ్వాలో చీరో కప్పుతుంటారు, లోపల గాలి ఆడక ఉక్కపోస్తుంది, అది మానాలి. తెర కూడా మొహానికి తగలకుండా ఎత్తుగా ఉండాలి. ఇక చేతులు కలిపి చుట్టే గుడ్డ. బోర్లా పడితే బొబ్బట్లు చేసుకుంటాం కదా, ఆ బొబ్బట్ల దాకా కూడా ఆగొద్దు, ఒత్తిగిల్లడం మొదలెట్టగానే మానేయాలి.

బిడ్డ తల్లి పక్కలోనే పడుకునే ఇళ్లు మనవి, పాలివ్వాలి మరి. తొట్టి కొనలేదని ఎవరినీ తప్పుపట్టను. పక్కన వేరే చిన్న పరుపు వేస్తే మంచిది. లేదంటే పెద్దవాళ్ల దిండ్లు, దుప్పట్లు బిడ్డ మొహానికి దూరంగా ఉంచండి. సోఫాలో బిడ్డను గుండెమీద పెట్టుకుని కునుకు తీయొద్దు. తాగొచ్చినవాళ్లను ఆ పక్కలోకి రానివ్వొద్దు.

ఇంత వివరం చెప్పాల్సింది నాలాంటి టైలరు కాదు. పిల్లల బొమ్మకు ఐఎస్ఐ గుర్తు 2021 జనవరి నుంచి తప్పనిసరి. అదే కొట్లో గిలక్కాయ మీద ఆ గుర్తు ఉంటుంది, దాని పక్కన వేలాడే బెడ్ సెట్టు కవరు మీద ఏనుగు బొమ్మ తప్ప నేనింకేమీ చూడలేదు. వాడకంలో ఉన్న ప్రమాదం గురించి తగిన హెచ్చరిక ఇవ్వకపోతే తయారీదారే బాధ్యుడని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. దిండ్లు తీసేసి పడుకోబెట్టాలని తెలుగులో ఒక్క ముక్క కవరు మీద వేయించడానికి అధికారులకు కొత్త చట్టం అక్కర్లేదు. కొనేవాళ్లు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు.

ఆసుపత్రిలో కాన్పయ్యాక ఆశా కార్యకర్త మూడో రోజు మొదలు నలభై రెండో రోజు దాకా ఆరుసార్లు ఇంటికొచ్చి బిడ్డను చూస్తుంది. బరువు, బొడ్డు, పాలు అన్నీ అడుగుతుంది. ఆమె నింపే కాగితంలోనే బిడ్డ పక్క ఎలా ఉంది అన్న వరుస ఒకటి చేర్చమని జిల్లా వైద్య ఆరోగ్యశాఖను కోరుతున్నాను. ప్రభుత్వాసుపత్రిలో కాన్పయినవాళ్లకు ఎన్టీఆర్ బేబీ కిట్‌లో ఇచ్చే దోమతెర పరుపు కూడా గట్టిగా, దిండు లేకుండా ఉండేలా చూడాలి. కొట్ల యజమానులకు నా మనవి ఒక్కటే. పరుపు, దోమతెర విడిగా అడిగితే "సెట్టు విడగొట్టమమ్మా" అంటున్నారు. విడగొట్టి అమ్మండి. దిండ్లు మిగిలితే పెద్దవాళ్ల నడుముకు పనికొస్తాయి.

ఇట్లు,
పిల్లల బట్టలు కుట్టే ఒక టైలరు,
కావలి, నెల్లూరు జిల్లా