తారీకు ఒక్కటే వేస్తే ఎట్ల, దాని వెనక సంగతి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో 'చరిత్రలో ఈ రోజు' రోజూ చదువుతా, మా కర్నూల్లో గ్రూప్స్‌కి ప్రిపేరయ్యే పిల్లలైతే దాన్ని కత్తిరించి నోట్‌బుక్‌లో అంటించుకుంటారు. నవంబర్ 17 కింద '1973: గ్రీస్‌లో విద్యార్థుల ఉద్యమం అణచివేత' అని ఒక్క లైన్ వేసి వదిలేసినారు, అది చదివి ఏం అర్థమవుతుందండీ?

1967 ఏప్రిల్ 21న గ్రీస్‌లో, ఎలక్షన్లు ఇంకో నెల రోజుల్లో ఉన్నాయనగా ఆర్మీలోని కల్నల్స్ అధికారం లాగేసుకున్నారు. ఆరేళ్ల తర్వాత ఏథెన్స్‌లో పాలిటెక్నిక్ అనే ఇంజినీరింగ్ యూనివర్సిటీని స్టూడెంట్స్ ఆక్రమించుకోని, లోపలే సొంతంగా ఒక రేడియో తయారుచేసి 'రొట్టె, చదువు, స్వేచ్ఛ' అంటూ ఊరంతటినీ పిలిచినారు, జనం కూడా వేలల్లో వచ్చినారు, చివరికి 17 తెల్లవారుజామున ఒక ట్యాంకు మెయిన్ గేటు విరగ్గొట్టుకోని లోపలికి పోయింది. చుట్టుపక్కల వీధుల్లో కాల్పులకి ఎంతోమంది ప్రాణాలు పోయినాయి. ఆ నలిగిపోయిన గేటుని ఇప్పటికీ అక్కడే ఉంచినారు, ఏటా పూలు పెడతారు, రక్తం అంటిన జెండా ముందు పెట్టుకోని అమెరికా ఎంబసీ దాకా నడుస్తారు, ఎందుకంటే కల్నల్స్‌కి అమెరికా అండ ఉండిందని వాళ్ల కోపం.

మీరు వదిలేసింది ఏందంటే, సరిగ్గా ఏడాదికి 1974 నవంబర్ 17నే అక్కడ ఎలక్షన్లు జరిగినాయి! 1964 తర్వాత అవే మొదటివి. అప్పటి ప్రధాని కరమన్లిస్ పార్టీకి 300 సీట్లలో 220 వచ్చినాయి. ట్యాంకు తారీకు, ఓటు తారీకు ఒక్కటే, ఈ రెండూ పక్కపక్కన వేస్తే ఆ పిల్లలకి బట్టీ పట్టే పని ఉండదు.

జులై 24 కూడా అట్లాంటిదే. 1923లో మొదటి ప్రపంచ యుద్ధంలో గెలిచిన దేశాలకీ టర్కీకీ మధ్య లొసాన్ శాంతి ఒప్పందం కుదిరింది ఆ రోజే, సైప్రస్ దీవి బ్రిటన్‌దేనని టర్కీ ఒప్పుకునింది అందులోనే. 1974లో అదే సైప్రస్‌లో గ్రీస్ కల్నల్స్ కుట్ర చేసి అక్కడి ప్రభుత్వాన్ని కూలదోస్తే టర్కీ సైన్యం దిగింది, దాంతో గ్రీస్‌లో కల్నల్స్ ప్రభుత్వమే కూలిపోయింది, జులై 24 తెల్లవారుజామున కరమన్లిస్ ప్రధానిగా ప్రమాణం చేసినాడు.

ఇంకో మాట, ఇది మా సీమ మాట. నవంబర్ 16 కింద 1937 శ్రీబాగ్ ఒప్పందం ఊసే కనపడదు. మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారింట్లో కోస్తా, సీమ నాయకులు కూర్చుని నీళ్లు, యూనివర్సిటీ, రాజధాని, హైకోర్టు గురించి రాసుకున్న కాగితం అది, 1953 అక్టోబర్ 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిందంటే దాని బలం వల్లనే. మా పిల్లల్లో చానామందికి ఇది తెలీదు, నాకు అదే బాధ.

స్థలం చాలదంటే సినిమా వాళ్ల పుట్టినరోజులు రెండు తగ్గించండి. ఈ నవంబర్‌లో 16, 17 రెండు రోజులూ కనీసం నాలుగైదు లైన్లు రాయించమని కోరుతున్నా.

ఇట్లు,
ఒక పాఠకుడు, కర్నూలు