ట్రిమ్ సీళ్ల విషయంలో పడవ యజమానులకు నా మాట

జనవరి నుంచి మార్చి వరకు మా షెడ్డులో 11 స్పీడ్ బోట్ల ట్రిమ్ సిలిండర్లు, అంటే నడుస్తుండగా ఇంజను వాలును మార్చే నూనె సిలిండర్లు, విప్పి కొత్త సీళ్లు (నూనె జారకుండా ఆపే రబ్బరు రింగులు) వేశాను. ఆ సీళ్లు మంచివి కావు. బిగించినది నేనే కాబట్టి ఆ మాట మీకు నా నోటి నుంచే తెలియాలి. ఆ 11 పడవలనూ నేను మళ్లీ విప్పేవరకు సముద్రంలోకి తీయవద్దు.

గత నెలలో వాటిలో ఒకటి హార్బరు నుంచి భీమిలి వైపు వెళుతోంది. రుషికొండ దాటాక దక్షిణపు కెరటాలు వెనుక నుంచి తరుముతున్నాయి. అలాంటి నీటిలో అనుభవమున్నవారు చేసే పనే డ్రైవరూ చేశాడు. బటను నొక్కి ఇంజను కాలును, అంటే ప్రొపెల్లర్ ఉండే కింది భాగాన్ని, కాస్త బయటికి జరిపి అణియాన్ని, అంటే పడవ ముందు భాగాన్ని, ఎత్తి ఉంచాడు. కొద్ది నిమిషాలకే అణియం దానంతట అదే దిగసాగింది. మళ్లీ ఎత్తాడు, మళ్లీ దిగింది. మూడోసారి అది ముందున్న కెరటంలో గుచ్చుకుని, పడవ గిర్రున పక్కకు తిరిగింది. అతను కంగారుపడి థ్రాటిల్ ఒక్కసారిగా వదిలేయకుండా మెల్లగా తగ్గించాడు. పడవలో ఉన్న నలుగురూ క్షేమంగా ఒడ్డుకు చేరారంటే అది అతని నేర్పు.

పడవ పరుగెత్తుతున్నంతసేపూ ప్రొపెల్లర్ తోపు ఇంజను కాలును లోపలికి నొక్కుతూనే ఉంటుంది. దానికి ఎదురు నిలిచేది సిలిండరులోని నూనె ఒక్కటే. పిస్టను సీలు పాడైతే ఆ నూనె లోలోపలే ఒక పక్క నుంచి మరో పక్కకు జారిపోతుంది, బయట చుక్క కూడా కనిపించదు. పని పూర్తయ్యాక ఫిషింగ్ హార్బరు లోపలి నిలకడ నీటిలో తిప్పి చూసి అప్పగించడం నా అలవాటు. అక్కడ అన్నీ బాగానే ఉన్నట్టు కనిపించాయి. బయటి కెరటాల్లో పరీక్షించకపోవడం నా తప్పు.

ఆ పడవ తిరిగి రాగానే ఇంజను ఎత్తి, సిలిండరు నుంచి బయటికున్న కడ్డీ పొడవు కొలిచి రాసుకున్నాను. తెల్లవారేసరికి రెండు అంగుళాలు తగ్గింది. విప్పి చూస్తే సీలు నూనె పీల్చి ఉబ్బిపోయి ఉంది, గోటితో నొక్కితే గాటు పడుతోంది. ట్రిమ్ నూనెను తట్టుకునే రబ్బరు ఇలా కాదు.

14 ఏళ్లుగా నాకు సామాను పంపుతున్న మనిషికి వెంటనే ఫోను చేశాను. "మీ డ్రైవర్లు ట్రిమ్ మరీ ఎక్కువ పెట్టి నడుపుతున్నారేమో చూసుకోండి" అన్నారాయన. ఆ మాట ఇప్పటికీ మింగుడుపడటం లేదు. ట్రిమ్ ఎక్కువైతే, అంటే ఇంజను కాలు మరీ బయటికి జరిగితే, అణియం ఎగిరెగిరి పడుతుంది. ప్రొపెల్లర్ గాలి పీల్చుకుంటుంది, ఇంజను అరుస్తుంది, వేగం మాత్రం పెరగదు. ఇక్కడ అణియం దిగిపోయింది. 22 ఏళ్లుగా ఔట్‌బోర్డులు (పడవ వెనుక బిగించే ఇంజన్లు) విప్పుతున్నవాడికి ఈ తేడా తెలియదని ఆయన ఎలా అనుకున్నారు? నష్టపోయిన డబ్బు కన్నా నాకు అదే ఎక్కువ బాధ.

మూడు రాత్రులు నిద్ర లేదు. ఇబ్బంది చెప్పినవారికి మాత్రమే మార్చు, మిగిలినవారికి తర్వాతి సర్వీసులో చూసుకోవచ్చు అని తెలిసినవారు సలహా ఇచ్చారు. వేసవి సెలవులు, పర్యాటకులు వచ్చే రోజులు. మీ సంపాదన ఆపమని చెప్పే హక్కు నాకెక్కడిది అని నేనూ తటపటాయించాను. పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. మరపడవలన్నీ కట్టి ఉండే ఆ రెండు నెలలూ హార్బరు మెకానిక్కులందరికీ వాటితోనే పని, సాయానికి ఒక్కరూ దొరకరు. అయినా మిగిలిన పది పడవల్లో కూర్చునే పిల్లలు కళ్లముందు మెదులుతుంటే ఆ సలహా వినలేకపోయాను.

ట్రిమ్ ట్యాబులు (పడవ వెనుక అంచున కింద బిగించే కదిలే రేకులు) వేయించుకుంటే సరిపోదా అని ఇద్దరు అడిగారు. సరిపోదు. ట్యాబులు అణియాన్ని దించగలవు, ఎత్తలేవు. వెనుక నుంచి కెరటం తరిమేటప్పుడు మనకు కావలసింది ఎత్తడం.

ఇంజను కంపెనీ ప్యాకింగుతో వచ్చే సీళ్లు తెప్పించాను. ఒక్కో పడవకు రెండు రోజులు పడుతుంది. సామానుకు, కూలికి, నూనెకు ఒక్క రూపాయి తీసుకోను. పర్యాటకులను ఎక్కించే పడవలు ముందు, సొంతానికి వాడుకునేవి తర్వాత. ఇకపై ప్రతి సిలిండరునూ రాత్రంతా ఎత్తి ఉంచి కొలుస్తాను. ఆ తర్వాత మీ డ్రైవరును పక్కన కూర్చోబెట్టుకుని హార్బరు గోడ దాటి బయటి కెరటాల్లో తిప్పి చూపిస్తాను.

ఆ వ్యాపారికి ఇవ్వవలసిన పాత బాకీ మొత్తం చెల్లించేశాను. సీళ్ల డబ్బు వెనక్కి అడగలేదు, అడగను. ఆయన దగ్గర ఇక ఒక్క నట్టు కూడా కొనను. విప్పిన సీళ్లు షెడ్డు గుమ్మం దగ్గర సీసాలో పెట్టాను. వచ్చినవారు తీసి గోటితో నొక్కి చూడవచ్చు.