ప్రతి దెబ్బకీ మెరుపు అక్కర్లేదు

సంపాదకులకు నమస్కారం.

బరంపురంలో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసుకుని బతుకుతున్నాను. పాటలకి యానిమేషన్లు కూడా చేస్తాను, వేదిక వెనక ఎల్‌ఈడీ తెర మీద ఆడేవి. పోయిన నెల ఒక పెళ్ళిలో డప్పూ సన్నాయీ కలిసిన పాట మొదలైన కాసేపటికే మా చెల్లెలి కొడుకు, ఎనిమిదేళ్ళవాడు, "మావయ్యా, కళ్ళు తిరుగుతున్నాయి" అంటూ వచ్చి వాళ్ళమ్మ కొంగులో మొహం దాచుకున్నాడు. తెర మీద ఆడుతున్నది నేను చేసిందే.

ఇంటికొచ్చి లెక్క చూశాను. పాట నిమిషానికి 150 దెబ్బలు, అంటే సెకనుకి రెండున్నర. నేను దెబ్బ మీద ఒకటి, రెండు దెబ్బల నడుమ ఇంకొకటి మెరుపు పెట్టాను. సెకనుకి 5! వెబ్‌సైట్లకి చాలా దేశాల్లో పాటించే నియమాల్లో సెకనుకి 3 మెరుపులు దాటకూడదని ఉంది. ముదురు ఎరుపైతే మరీ జాగ్రత్త. నేను వాడిందీ ఎరుపే. 1997 డిసెంబర్ 16న జపాన్‌లో పోకెమాన్ కార్టూన్ ప్రసారమైనప్పుడు 600 మందికి పైగా, ఎక్కువగా పిల్లలే, ఆసుపత్రి పాలయ్యారు. ఎరుపు, నీలం కొన్ని క్షణాలపాటు గబగబా మారినందుకే. అది చదివాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మావాడికి ఫిట్స్ రాలేదు, అదృష్టం.

మా నాన్నగారు పట్టు నేసేవారు. నెమలికంఠం చీరకి పడుగు నీలం, పేక ఆకుపచ్చ. కిటికీ వెలుగులో ఒక రంగు కనిపిస్తుంది, మడత కాస్త తిప్పితే ఇంకో రంగు. చిన్నప్పుడు మగ్గం పక్కన కూచుని ఆ మడత తిప్పుతుంటే చేతి మీద ఒకటి వేసేవారు. ఇన్నాళ్ళకి అది పనికొచ్చింది. అదే పాటని మళ్ళీ చేశాను. వెనకంతా ఆ పట్టే. సన్నాయి పైకి పోతున్నకొద్దీ ఒక దీపం ఎడమ నుంచి కుడికి జరుగుతుంది, నీలం దానంతటదే ఆకుపచ్చలోకి దిగుతుంది. డప్పుకి వదిలింది దీపం వత్తి ఒక్కటే, అదీ నాలుగు దెబ్బలకి ఒకసారి. అంటే సెకనుకి 25 ఫ్రేముల లెక్కన 40 ఫ్రేములు. నాలుగింటిలో వెలుగు లేస్తుంది, మిగతా 36లో గుడిగంట రొద సన్నగిల్లినట్టు అణుగుతుంది.

రెండేళ్ళకోసారి వచ్చే ఠాకురాణి జాతరలో మా ఊరంతా దీపతోరణాలే. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని చూపిస్తాం, సరిగ్గా తెర ఎత్తుకి. పందిళ్ళు వేసేవాళ్ళు సెకనుకి మూడు దాటనివ్వకుండా చూడాలి. తెర ముందు ఒడియాలో, తెలుగులో ఒక హెచ్చరిక బోర్డు పెట్టినా చాలు. ఈ మాట మీ పేజీలో వేస్తే మాలాంటివాళ్ళకి అండగా ఉంటుంది. కొత్త వీడియో పంపితే తెర కట్టేవాళ్ళ దగ్గర్నుంచి నాకు వచ్చిన ఫోన్ ఒక్కటే: "బాబూ, నీ ఫైల్లో మెరుపులు పోయినట్టున్నాయి, ఒకసారి చూడు."

ఇట్లు,
ఒక వీడియో ఎడిటర్,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా