వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి: ప్రోబ్ కడిగేదానికి కూడా గతి లేదా సార్?

అయ్యా, నమస్కారం.

నేను తిరుపతి జిల్లాలో ఒక సర్కారు ఆసుపత్రి స్కానింగ్ రూములో కాంట్రాక్ట్ స్టాఫ్ నర్సుని. ప్రోబ్ శుభ్రం చేసే విషయంగా సామాన్లు కావాలని పైకి ఇండెంట్ మీద ఇండెంట్ రాసినా, సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చినా, చివరికి 'మీ సమస్య పరిష్కరించబడినది' అని ఫోనుకి మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కారమైందో మా రూములో ఎవురికీ తెలీదు, మీకేమన్నా తెలిస్తే చెప్పండి సార్.

విషయం టీవీఎస్ ప్రోబ్ గురించి, అదే స్కానింగ్ మిషన్‌కి ఉండే, ఆడోళ్ల యోని లోపల పెట్టి చూసే కడ్డీ. పొట్ట మీద జెల్ రాసి చూసే ప్రోబ్‌ని శుభ్రంగా తుడిస్తే చాలు. లోపలికి పోయేదాన్ని మాత్రం ఒక్కో పేషెంటుకీ మధ్యలో హై లెవెల్ డిసిన్ఫెక్షన్, అంటే క్రిములు చచ్చేటట్టు గట్టిగా శుభ్రం చెయ్యాల, పైన కాండోమ్ తొడిగినా సరే చెయ్యాల, ఎందుకంటే అది చినుగుతాది, కంటికి ఆనని చిల్లులుంటాయి. మా దగ్గర జరిగేదేంది? రద్దీగా ఉంటే కాండోమ్ పీకేసి, స్పిరిట్ దూదితో తుడిచి, తర్వాతి ఆమెని పిలవడం. స్పిరిట్‌తో ఆ పని కాదు, పైగా ప్రోబ్ మూతి పాడవతాది, పాడైతే అది నా మీదకే వస్తాది.

'గ్లూటరాల్డిహైడ్‌లో నానబెట్టొచ్చు కదమ్మా' అంటారు మీటింగుల్లో, అది క్రిముల్ని చంపే మందు. నానబెడతాం సార్. రెండు శాతం ద్రావణంలో 20 నిమిషాలు, ఆ తర్వాత మంచినీళ్లతో బాగా కడగాల, ఆరబెట్టాల, స్కాన్ టైమ్ కూడా కలుపుకుంటే గంటకి ఇద్దరు అయితే గొప్ప. మాకుండేది ఒకటే ప్రోబ్. ప్రతి నెలా 9వ తేదీ గర్భిణీల చెకప్ రోజు ఒక్కసారి చెప్పకుండా రండి, పుత్తూరు నుంచి, పాకాల నుంచి తెల్లారి బస్సెక్కి వచ్చినోళ్లు, రక్తం పోతా ఉందని భయపడి వచ్చినోళ్లు బయట కూచోనుంటారు, లోపల ప్రోబ్ డబ్బాలో నానతా ఉంటాది, '20 నిమిషాలు ఆగమ్మా' అంటే తిట్లు నాకు, డాక్టరమ్మ గడియారం చూస్తాది, సూపరింటెండెంట్ ఆఫీసు నుంచి ఎంతమంది అయినారని ఫోను. ఎంత శుభ్రంగా అయినారని ఏ రోజూ ఫోను రాలేదు.

ఆ మందు ఘాటుకి కళ్లు మండి నీళ్లు కారతాయి, దగ్గు పట్టుకుంటాది, ఎగ్జాస్ట్ ఫ్యాన్ లేదు. మందు కలిపినాక 14 రోజులకి పారబొయ్యాల, మా దగ్గర కొత్త స్టాక్ వచ్చేదాకా అదే నీళ్లు. స్ట్రిప్ ముంచి మందులో సత్తువ ఉందో లేదో చూడాలంట, ఆ స్ట్రిప్ నేను ఫోటోలో చూసినా అంతే. ఇంతా చేస్తే, గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ-16 వైరస్ ఈ గ్లూటరాల్డిహైడ్‌కి చావలేదని 2014లోనే అమెరికాలో ల్యాబ్ పరీక్షలో తేలింది.

ఇంగ కంపెనీల వాళ్లొచ్చి బ్రోచర్లు చూపిస్తారు, ప్రోబ్ శుభ్రం చేసే మిషన్ల మార్కెట్ ఏటేటా పెరగతా ఉందంట. ఆస్ట్రేలియా వాళ్ల ట్రోఫాన్ అనే మిషన్‌లో పెడితే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆవిరితో ఏడు నిమిషాలే, యూవీ లైటు పెట్టెలైతే ఇంకా తొందర. ఆ దేశాల్లో మార్కెట్ ఊరికే పెరగలేదు సార్. బ్రిటన్‌లో గొంతులోకి దించే ప్రోబ్ సరిగ్గా శుభ్రం చెయ్యక హెపటైటిస్ బి సోకి ఒక పేషెంట్ చనిపోయినట్టు అనుమానం వస్తే 2012లో అక్కడి ప్రభుత్వమే అన్ని ఆసుపత్రులకీ అలర్ట్ పంపింది. గట్టిగా అడిగేవాడుంటేనే కొనేవాడుంటాడు. మాకాడ అడిగేవాడెవరు? కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పకూడదనే 1994 చట్టం కింద, గర్భిణీ స్కాన్‌కి నింపే ఫారం ఎఫ్‌లో ఒక గడి తప్పు పడితే స్కానింగ్ మిషన్‌కి సీలేస్తారు, ఆడబిడ్డల కోసమే కాబట్టి మంచిదే, కానీ ఆ కాగితాలన్నీ తిరగేసిన ఆఫీసర్లు ప్రోబ్ ఎట్లా కడిగినావమ్మా అని అడిగిన పాపాన పోలేదు. ఆసుపత్రుల శుభ్రతకిచ్చే కాయకల్ప అవార్డు మార్కులకని గోడలకి రంగులేస్తిమి, పూలకుండీలు పెడ్తిమి. లడ్డూలో నెయ్యికి ల్యాబ్ టెస్టు కావాలని రాష్ట్రమంతా లేచింది, కావాల్సిందే, నేనూ ఏడుకొండలవాడి భక్తురాలినే, మరి ఆడోళ్ల ఒంట్లోకి పోయే వస్తువుకి ఏ టెస్టూ అక్కర్లేదా?

అట్లని మిషన్ కొనిచ్చి, రిబ్బన్ కత్తిరించి, ఫోటో దిగి పోవద్దు సార్, దండం పెడతా. దాంట్లో వేసే మందు సీసా ఆ కంపెనీదే కావాల, అది అయిపోతే రీఫిల్‌కి బడ్జెట్ లేదంటారు. అట్లా గుడ్డ కప్పి మూలన పడేసిన మిషన్లు మా స్టోరు రూములో ఇప్పటికే ఉండాయి, ఇంకోటి పెట్టను జాగా లేదు.

ముందు రెండో ప్రోబ్ ఇప్పించండి. ఫ్యాన్, తాజా మందు, స్ట్రిప్‌లు, ఏ పేషెంట్ తర్వాత ఎప్పుడు కడిగినామో రాసే రిజిస్టర్. మిషన్ ఇస్తే రీఫిల్‌తో సహా ఇవ్వండి. ఏదీ కాదంటే రెండో ప్రోబ్ అన్నా ఇప్పించండి సార్. మెసేజ్ మాత్రం మళ్లీ పంపించొద్దు.

ఇట్లు,
తిరుపతి జిల్లా, ఒక స్కానింగ్ రూము నర్సు
(పేరు రాస్తే నా డ్యూటీ యాడికి మారతాదో మీకు తెలీనిది కాదు)