రచయితకు చెవులు కూడా ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

గొప్ప రచయిత కావాలంటే ఏం చేయాలని అడిగితే అందరూ పుస్తకాలు చదవమంటారు. నిజమే, కాదనను. కానీ కథారచయిత రావిశాస్త్రిగారి సంగతి చూడండి. విశాఖలో ప్లీడరీ చేస్తూ, మద్యనిషేధం కేసుల్లో ఇరుక్కున్న పేదల మాటలు చెవిన వేసుకున్నారాయన. ఆయన ‘మాయ’ కథలో సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ ప్లీడరు ముందు నోరు విప్పితే పోలీసుల బాగోతం, కోర్టు తంతు అన్నీ బయటపడతాయి. ఆ యాస, ఆ విసురు నిఘంటువులో దొరికేవా? ఇప్పటి కథల్లో చాలావాటిలో కూలీ, కలెక్టరూ ఒకే పత్రికాభాష మాట్లాడుతున్నారు (దిద్దే వాళ్ల చలవేనేమో!). మీ ఆదివారం సంచికకు కథలు ఎంచేవారు సంభాషణలను ఒకసారి పైకి చదివించుకుని, నోటికి పట్టనివాటిని మొహమాటం లేకుండా తిప్పి పంపాలని మనవి.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం