మడమ కింద చెయ్యి పెట్టిన అమ్మకి

అందరికీ నమస్కారం. మా ఆయనకి నిన్న సాయంత్రం ఆపరేషన్ అయింది. కాలిలో ప్లేటు వేశారు. ఇప్పుడు నిద్రపోతున్నారు. నాకే ఆరు రోజులుగా సరైన నిద్ర లేదు, ఇవాళ పడుకుందామన్నా కన్ను మూతపడటం లేదు. ఫోన్ చేసినవాళ్లకీ మెసేజ్ పెట్టినవాళ్లకీ విడివిడిగా జవాబు ఇచ్చే ఓపిక లేక అంతా ఒక్కచోటే రాస్తున్నాను. ఎవరినైనా మర్చిపోతే మన్నించండి.

తెలియనివాళ్ల కోసం జరిగింది చెప్తాను. మేం ఇండోనేషియాలో బాండుంగ్ దగ్గర ఉంటాం, మా ఆయన అక్కడ బట్టల మిల్లులో చేస్తారు. బాబు సెలవులకి ఫ్లోరెస్ దీవికి వెళ్లాం. అక్కడికి వెళ్లేవాళ్లు చాలామంది లబువాన్ బజోలో దిగి, పడవెక్కి కొమోడో డ్రాగన్లను చూసి తిరిగి వచ్చేస్తారు. కొండల్లోకి పోదామని పట్టుబట్టింది నేనే. నేను పుట్టి పెరిగింది పాడేరు పక్కన. నాన్న అక్కడ మాస్టారు. కాఫీ తోటల మధ్య పెరిగినదాన్ని కాబట్టి, ఫ్లోరెస్‌లోని మంగ్గరాయ్ కొండల్లోనూ కాఫీయే పండిస్తారని విన్నప్పటి నుంచి చూడాలని ఆశ. ఆ కొండల్లో వాయే రెబో అని ఏడు పెద్ద గోపురం లాంటి గడ్డి ఇళ్లున్న ఊరు ఉంది, దానికి బాగా పేరొచ్చింది. మేం వెళ్లింది అక్కడికి కాదు. మా ఆయనతో మిల్లులో పనిచేసే ఒక కుర్రాడిది ఆ కొండల్లోనే ఇంకో చిన్న ఊరు. రోడ్డు ఆగిపోయిన చోటి నుంచి నాలుగు గంటల నడక.

రెండు రాత్రులు ఉన్నాం. ఇళ్లు చెక్కవి, పైన రేకులు. పొయ్యి పైన అటక మీద మొక్కజొన్న కంకులు వేలాడదీసి ఉంటాయి, పొగకి పురుగు పట్టకుండా. కరెంటు లేదు, ఇంటికో సోలార్ దీపం. ఫోన్ సిగ్నల్ కావాలంటే ఊరి పైన ఒక బండ ఉంది, దాని మీద నిలబడాలి. ఉప్పు, నూనె, బియ్యం అన్నీ భుజాల మీద ఎక్కాల్సిందే, కాఫీ గింజలు భుజాల మీదే దిగాల్సిందే. కాస్త పెద్ద పిల్లలు కింద ఊళ్లో చుట్టాలింట్లో ఉండి చదువుకుంటారు, సెలవు రోజున పైకి వస్తారు. మేం వెళ్లగానే తమలపాకు, వక్క ముందు పెట్టారు. మన తాంబూలమే. నాకు కళ్లనీళ్లు తిరిగాయి, మా అమ్మమ్మ ఇల్లు గుర్తొచ్చి.

మూడో రోజు పొద్దున్నే దిగడం మొదలుపెట్టాం. ఊరు దాటి అరగంట కూడా కాలేదు. రాత్రి పడిన వానకి బాట అంతా జారుడు. మా ఆయన బాబుని పట్టుకోబోయి తనే జారి కింద రాళ్ల మీద పడ్డారు. మోకాలి కింద కాలు పక్కకి తిరిగిపోయింది. ఆ శబ్దం నాకు ఇప్పటికీ వినిపిస్తోంది.

కుర్రాడు వెనక్కి పరిగెత్తి కేకలు వేశాడు. కాఫీ కోతల రోజులు కదా, జనమంతా తోటల్లో ఉన్నారు. అయినా ఎలా వచ్చారో వచ్చారు. నడుముకి కట్టుకున్న బుట్టలు అలాగే ఉన్నాయి, వాటిలో ఎర్రటి పళ్లు. ఒక ముసలాయన కాలు తడిమి చూసి, వెదురు చీల్చి బద్దలు కట్టాడు. పుత్తూరు కట్టు గురించి వినడమే కానీ చూడలేదు, ఆ రోజు అలాంటిది చూశాను. తర్వాత ఎక్స్‌రే తీసిన డాక్టరు కూడా కట్టు బాగా కట్టారన్నాడు. ఇంకో నలుగురు రెండు పొడుగాటి వెదుళ్లు నరికి, వాటికి లుంగీలు ముడేసి డోలీ కట్టారు.

డోలీ. మన్యంలో పుట్టినవాళ్లకి ఆ మాట ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. నా చిన్నప్పుడు మా ఇంటి ముందు నుంచే డోలీలు వెళ్లేవి. ఇప్పటికీ ఏటా పేపర్లో ఫోటో చూస్తూనే ఉంటాం. సముద్రాలు దాటి వచ్చి నా మొగుణ్ని అందులో చూస్తానని ఏనాడూ అనుకోలేదు.

ఇక ఆమె గురించి.

మేం దిగిన ఇల్లు ఆమెది కాదు. రెండు రోజుల్లో ఆమెని నేను ఒక్కసారి చూశానేమో, ఊరి చివర ఇంటి ముందు చాప మీద గింజలు ఆరబోస్తూ. యాభై అయిదు, అరవై ఏళ్లుంటాయి. అక్కడ పెద్దావిడని ఎవరైనా మామా అనే పిలుస్తారు. అంటే అమ్మ. మగవాళ్లంతా డోలీ ఎత్తుకుంటుంటే ఆమె వచ్చి నా పక్కన నిలబడింది. దేనికని కుర్రాణ్ని అడిగితే, "ఇంతమంది మగాళ్లలో ఆడమనిషి ఒక్కతే ఎలా వస్తుంది అంటోంది" అన్నాడు. అంతే, కాళ్లకి రబ్బరు చెప్పులతో మాతో బయల్దేరింది.

నాలుగు గంటల దారి మాకు ఆరున్నర గంటలు పట్టింది. మగవాళ్లు ఎనిమిదేసి మంది మార్చుకుంటూ మోశారు. దారంతా ఆమె మా ఆయన కాళ్ల వైపే నడిచింది. నేను తల వైపు ఉన్నాను. భుజాలు మార్చుకోవడానికి డోలీ దించిన ప్రతిసారీ ముందుగా వంగి, విరిగిన కాలి మడమ కింద తన అరచెయ్యి పెట్టేది. మడమ రాయికి తగలకుండా. ఎత్తేదాకా ఆ చెయ్యి తీసేది కాదు. ఎన్నిసార్లు దించారో నేను లెక్కపెట్టలేదు, ఇరవైకి తక్కువ ఉండదు. వాన మొదలైంది. జలగలు పట్టాయి. ఆమె ఒక చేత్తో బాబు కాళ్ల మీది జలగలు తీస్తూ, రెండో చెయ్యి మాత్రం మడమ కిందే ఉంచింది. "సువామి కువాట్, సువామి కువాట్" అని నాతో అంటూనే ఉంది. వాళ్ల భాషలో భర్తని సువామి అంటారు, మన స్వామి అన్న మాటే. నీ భర్త గట్టివాడు, ఏం కాదు అని చెప్తోంది. ఆ మాట పట్టుకునే నేను కొండ దిగాను.

కింద ఆరోగ్య కేంద్రంలో ఒక మంత్రసాని నర్సమ్మ మాత్రమే ఉంది. నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చింది, అంతకు మించి అక్కడ ఏమీ లేదు. చెక్క బెంచీలు వేసిన ట్రక్కు దొరికింది, ఆ వైపు అదే బస్సు. దాని మీద మూడు గంటలు పట్టణానికి. ఆమె ట్రక్కు కూడా ఎక్కింది! దిగి ఇంటికి వెళ్లిపో మామా అని నా వచ్చీరాని భాషలో ఎంత చెప్పినా వినలేదు.

రాత్రి ఆసుపత్రి వరండాలో, ట్యూబ్‌లైటు కింద కూర్చున్నప్పుడు చూశాను ఆమె చెయ్యి. వేళ్ల వెనక కణుపుల దగ్గర తోలు లేచిపోయి ఉంది, నాలుగు వేళ్లకీ. రాళ్ల మీద మా ఆయన కాలి బరువు, డోలీ బరువు మోసిన చెయ్యి కదా. రక్తం గడ్డకట్టి మట్టితో కలిసి నల్లగా ఉంది. ఆ చేత్తోనే అరటాకులో చుట్టి తెచ్చిన ఉడికించిన కర్రపెండలం ముక్కలు బాబు నోట్లో పెడుతోంది. మా ఆయన పడ్డప్పుడు నేను ఏడవలేదు. డోలీలో ఆయన అరిచినప్పుడు ఏడవలేదు. ఆ చెయ్యి చూసి మాత్రం ఆగలేకపోయాను. ఆ వరండాలో అందరి ముందు ఆమె ఒళ్లో తల పెట్టి పెద్దగా ఏడ్చాను. ఆమె నా తల మీద చెయ్యి వేసి ఏమీ అనలేదు. పొగ వాసన, వక్క వాసన. నర్సుని దూది, మందు అడిగి ఆ వేళ్లు నేనే కడిగాను. వద్దు వద్దంటూ చెయ్యి లాక్కుంటూనే ఉంది.

ఆ రాత్రి నేల మీద చాప కూడా లేకుండా పడుకుంది. పొద్దున్న కుర్రాడు చెప్పాడు నాకు. రెండేళ్ల కింద ఆమె కూతుర్ని కాన్పు కష్టమైతే ఇదే బాటలో ఇలాగే డోలీలో దించారట. బిడ్డ బతికింది. కూతురు కింద రోడ్డు దాకా రాలేదు. ఆ మనవరాల్ని పక్కింట్లో వదిలి మాతో వచ్చింది. ఇంకో సంగతి అతను చెప్పకపోయినా నాకు తెలుసు, కాఫీ ఇంటి పిల్లని కనుక. కోసిన పండు ఆ రోజే తోలు తీయకపోతే పులిసి పాడవుతుంది. ఆ రోజు ఆమె కోసిన బుట్టలు ఏమయ్యాయో నేను అడగలేకపోయాను. వేరేవాళ్లు తీసి ఉంటారని అనుకుంటున్నాను. తీయకపోతే ఆమెకి అది ఎన్ని రోజుల కూలి!

వెళ్లేటప్పుడు తెరిమా కసిహ్ అన్నాను. థాంక్స్‌కి వాళ్ల మాట అది. తెరిమా అంటే స్వీకరించడం, కసిహ్ అంటే ప్రేమ. అయిదేళ్లుగా కూరగాయల కొట్టులోనూ టాక్సీలోనూ వందసార్లు అన్న మాట, అర్థం ఆ రోజు తెలిసింది. ఆమె "సమ సమ" అంది. అంటే నీకూ అదే అని.

ఇక్కడ ఒక బాధ చెప్పకుండా ఉండలేను. మాకు పాస్‌పోర్టు ఉంది, కార్డులో డబ్బుంది, అయినా ఎంత తిప్పలు పడ్డాం! కింద కేంద్రంలో అంబులెన్స్ ఉంది, కానీ రిపేర్లో ఉందన్నారు. పట్టణం ఆసుపత్రిలో ముందు డబ్బు కట్టమన్నారు, ఆ తర్వాతే ఎక్స్‌రే. ఎముకల డాక్టరు ఆ వారం లేడట. బాలి దీవికి తీసుకెళ్లమని కాగితం రాసిచ్చారు. విమానంలో ఎక్కించుకోవడానికి ఇంకో డాక్టరు సంతకం కావాలి. ఇన్సూరెన్స్ వాళ్ల నంబరు ఇరవై నాలుగు గంటలూ అని రాసి ఉంటుంది, నలభై నిమిషాలు పాట వినిపించి కట్ చేశారు. మా పరిస్థితే ఇది. పైనున్న వాళ్ల సంగతి? 2014 నుంచి ఈ దేశంలో అందరికీ ఆరోగ్య బీమా ఉంది, మామా దగ్గరా ఆ కార్డు ఉంది. ఆ కార్డు చూపించాలంటే ముందు కొండ దిగాలి కదా. 2015 నుంచి ప్రతి ఊరికీ జకార్తా నుంచి నిధులు వస్తున్నాయి, దానా దేసా అంటారు, దానితో చాలా చోట్ల బాటలు పడ్డాయి. ఈ ఊరి వైపు ఇంకా పడలేదు. అదే ఫ్లోరెస్‌లో 2023 మేలో ఆసియాన్ అనే ఆగ్నేయాసియా దేశాల కూటమి అధినేతల సభ జరిగింది. లబువాన్ బజోలో ఆ హోటళ్లు, ఆ నున్నటి రోడ్లు చూసిన కళ్లతోనే ఈ బాట చూశాను. వాళ్లని అనడానికి నాకేం హక్కుంది, మా పాడేరు కొండల్లో ఇంకా డోలీలు ఆగలేదు. కానీ కోపం వస్తోంది. రెండు చోట్లా ఒకే కోపం.

మా తమ్ముడు సింగపూర్ నుంచి మర్నాడే బాలికి వచ్చాడు, బాబుని చూసుకుంటున్నాడు. మా అత్తగారు, మామగారు, బావగారు, అమ్మ రోజూ ఫోన్‌లోనే ఉన్నారు, డబ్బు పంపారు. అందరికీ తెలుసు నా మనసు. జకార్తా తెలుగువాళ్లు గ్రూపులో పెట్టిన గంటలో ఇక్కడ ఆసుపత్రి దగ్గర గది చూపించారు, పప్పు అన్నం పంపిస్తున్నారు. మీ అందరికీ పేరు పేరునా నమస్కారాలు.

మోసిన మగవాళ్లు ఇరవై మంది పైనే. ఎవరి పేరూ నాకు తెలియదు. కాఫీ కోతల్లో ఒక రోజు కూలి పోగొట్టుకున్నారు. డబ్బిస్తే తీసుకోలేదు. కింద అంగట్లో బియ్యం, పంచదార కొని కుర్రాడి చేత పైకి పంపాను. అదైనా చేరిందని నిన్న బండ మీద నుంచి ఫోన్ చేసి చెప్పాడు. మామా చెయ్యి ఎలా ఉందని అడిగాను. మానుతోందిట, మళ్లీ తోటకి వెళ్తోందిట. మా ఆయన నడవగానే ఆ కొండ ఎక్కుతాం, బాబు కూడా. ఈసారి ఆ పాపకి గౌను కొనుక్కుని వెళ్తాను. ఎంత సైజో కుర్రాణ్ని కనుక్కోమన్నాను.

అయ్యో, ట్రక్కు డ్రైవర్‌ని మర్చిపోయాను. గుంతలు వచ్చినచోటల్లా దాదాపు ఆపేసినట్టు నడిపాడు, మధ్యలో మిగతా ప్రయాణికులు ఒక్కరూ విసుక్కోలేదు. కింద కేంద్రంలోని మంత్రసాని నర్సమ్మ కూడా. తన రాత్రి భోజనం బాబుకి పెట్టింది. విమానంలో మూడు సీట్లు వెనక్కి వాల్చి ఇచ్చిన అమ్మాయిలు. బాబు బూటు ఒకటి దారిలో బురదలో ఊడిపోతే, అది పట్టుకుని ఎనిమిదేళ్ల పిల్లాడు ఒకడు ఊరి నుంచి రోడ్డు దాకా పరిగెత్తుకుంటూ వచ్చాడు. వాడికి చేతిలో బిస్కెట్ పాకెట్ పెట్టానో లేదో కూడా గుర్తు లేదు.

ఆయన లేచారు. మందులు వెయ్యాలి. ఇంకెవరైనా గుర్తొస్తే కింద రాస్తాను.